ఫోను రూపాయితో వాన సామాను

బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా "మేడమ్, మీ కాలంలో ఉద్యోగం తేలిక" అంటుంటారు. అన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. నా కాలమంటే ఎప్పటిదనుకుంటున్నారు? నేను రిటైరై తల్లాడలో ఇంటి ముందు బెండ మొక్కలు వేసుకుని ఎంతో కాలం కాలేదు. మీరు శిక్షణలో పాఠంగా చదువుకుంటున్న డిజిటల్ రూపాయిని నేను ఈ చేతులతో పంచాను. పంచి ఇరుక్కున్నాను, ఇరుక్కుని బయటపడ్డాను. ఎలా ఇరుక్కున్నానో చెప్పగలను, ఎలా బయటపడ్డానో కూడా చెప్పగలను. మధ్యలో అసలేం జరిగిందో మాత్రం ఇవాళ్టికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. చదివాక మీలో ఎవరికైనా అర్థమైతే నాకూ చెప్పండి.

నా చివరి పోస్టింగు భద్రాచలం దాటి, దుమ్ముగూడెం పోయే రోడ్డు మీద నుంచి లోపలికి మళ్ళితే వచ్చే ఒక చిన్న బ్రాంచి. రెండు గదులు, ఒక ఇనుప పెట్టె, నేను, నా క్యాషియరు. ఫోన్ సిగ్నల్ కావాలంటే బ్రాంచి వెనక మెట్ల మీద, అదీ పై మెట్టు మీద, గోడకు ఆనుకుని నిలబడాలి. ఇటువంటి చోట ఫోను రూపాయిని ప్రయోగాత్మకంగా మొదలుపెడతామని పైనుంచి కబురొచ్చింది. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టుంది మేడమ్ అన్నాడు క్యాషియరు. నాకూ అలాగే అనిపించింది గానీ, మేనేజర్ని కాబట్టి నవ్వకుండా ఊరుకున్నాను.

తర్వాత తెలిసింది, సిగ్నల్ లేదనే మా ఊరిని ఎంచుకున్నారట. నగరం నుంచి ఒక అధికారి వచ్చి చక్కగా వివరించారు. ఇది ఖాతాలో ఉండే డబ్బు కాదు, నోటే. దేశపు కేంద్ర బ్యాంకే విడుదల చేసే నోటు. కాకపోతే కాగితం బదులు ఫోనులోనో, చిన్న కార్డులోనో ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా కార్డును ఫోనుకు తాకిస్తే చాలు, డబ్బు చేతులు మారుతుంది. తర్వాత ఎక్కడైనా సిగ్నల్ తగలగానే లెక్కలన్నీ వాటంతటవే పైకి వెళ్ళిపోతాయి. వినడానికి ఎంతో బాగుంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

మా క్యాషియరుది బూర్గంపాడు. నా కంటే ముందే రిటైరవ్వాల్సినవాడు. ఉద్యోగమంతా ప్రశ్నలు అడుగుతూనే గడిపాడు, ఒక్కదానికీ జవాబు రాలేదు, అయినా అతనికేమీ బాధ లేదు. అడగడమే అతని సరదా. ఆ రోజూ చెయ్యెత్తాడు. నోటు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో ఎవరికీ చెప్పదు కదా సార్, ఇది చెప్తదా అన్నాడు. చిన్న మొత్తాలను ఎవరూ చూడరని అధికారి అన్నారు. చిన్నదంటే ఎంత అని ఇతను. అది ఇంకా తేలలేదని ఆయన. అప్పుడు ఇతను కాస్త ముందుకు వంగి అడిగాడు.

"చూడరంటే, చూసేటందుకు రాదా సార్? వస్తది గాని చూడొద్దనుకున్నరా?"

అధికారి వాచీ చూసుకుని, భద్రాచలం గుడి దర్శనం మధ్యాహ్నం ఎన్నింటికి ఆపుతారని నన్ను అడిగారు. ఆయన కారు కదలగానే నేను క్యాషియరును తిట్టాను. పెన్షన్ కాగితాలు చూసుకునే వయసులో మీకెందుకండీ ఈ కొక్కిరాయి ప్రశ్నలు అని. మేడమ్, తెల్వక అడిగిన అన్నాడు. నిజంగా తెలియకే అడిగాడు. నాకూ తెలియదు. ఆ వచ్చినాయనకూ తెలియదని మాత్రం ఆ రోజు మాకు తోచలేదు.

ఇక మా బ్రాంచి కిందికి వచ్చే ఒక గూడెం సంగతి. బ్రాంచికి ఎగువన అడవిలో, ఒక వాగు అవతల ఉంటుంది. కోయ కుటుంబాలు, అన్నీ కలిపి ముప్పై ఇళ్ళు దాటవు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోస్తారు, ఆ డబ్బులు చేతికొచ్చే సరికి వానలు దగ్గర పడతాయి. వాగు ఒకసారి పొంగిందంటే మళ్ళీ ఎప్పుడు తీస్తుందో చెప్పలేం. అందుకని తొలకరికి ముందే, వాగు పొంగిన రోజుల్లో ఇంటింటికీ కావలసినవన్నీ ఒకేసారి కొని దాచుకుంటారు. ఉప్పు, పప్పు, నూనె, టార్చి సెల్లులు, ఇంటి కప్పు మీద వేసుకునే పట్టాలు, జ్వరం మాత్రలు, దెబ్బలకు పూసే మందు. దీన్ని వాళ్ళు వాన సామాను అంటారు.

వాన సామానుకు ఊరంతా రారు. ఒక్క ఆడమనిషి వస్తుంది, మోయడానికి ఇద్దరు మగవాళ్ళను వెంటబెట్టుకుని. ఇల్లిల్లూ ఆమెకు తమకేం కావాలో చెప్పి డబ్బులిస్తుంది. ఆమె సంతలో కొని, ఏ ఇంటిది ఆ ఇంటికి మూట కట్టి తీసుకెళ్తుంది. ఈ పనికి ప్రతి ఇల్లూ ఆమెకు పిడికెడు ఉప్పు ఇవ్వాలని కట్టుబాటు. పిడికిలి ఆమెదే, అదేమో చేటంత. ఆ సంగతి నవ్వుతూ ఆమే చెప్పింది. యాభై దాటిన మనిషి, పొడగరి, దవడలో ఎప్పుడూ పొగాకు. బేరమాడితే అవతలివాడు ఏడవాలి. నన్ను బ్యాంకమ్మా అని పిలిచేది, నేను అక్కా అనేదాన్ని.

ఈమెను చూడగానే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గూడెంలో ఫోన్లు నాలుగైదు కూడా లేవు. ఇంటికో కార్డు ఇచ్చి, తునికాకు డబ్బు అందులో వేసి, ఈమెకు మాత్రం ఒక ఫోను ఇస్తే సరి. అందరూ తమ కార్డును ఈమె ఫోనుకు తాకిస్తారు, ఈమె సంతలో దుకాణదారు ఫోనుకు తాకిస్తుంది. నోట్లు తడవవు, చిరగవు, దారిలో పోవు. పైవాళ్ళు నన్ను తెగ మెచ్చుకున్నారు. ఫోటో కూడా తీశారు. అందులో నేను చీర కొంగు సర్దుకుంటూ ఉన్నాను, క్యాషియరు ఎటో చూస్తున్నాడు.

సంత జరిగేది బ్రాంచి పక్క మైదానంలోనే, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఎప్పుడూ కొనేది బూర్గంపాడు నుంచి వచ్చే ఒక ముస్లిం వ్యాపారి దగ్గర. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఆ సంతలో అదే చోట గుడారం వేస్తున్నారు. ఇద్దరూ ఒకరినొకరు కాసేపు తిట్టుకుని ధరలు తేల్చుకున్నారు. ముందు పట్టాలు, సెల్లులు, మందులు. వ్యాపారి తన ఫోనులో సరుకుల పేర్లతో బిల్లు కొట్టాడు, ఆమె ఫోనుకు ఫోను తాకించింది, పచ్చగా వెలిగింది. వాళ్ళిద్దరి ముఖాల్లో ఆశ్చర్యం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె వెంటనే కూర్చుని మూటలు కట్టడం మొదలుపెట్టింది. ప్రతి మూట మీదా పాత గుడ్డ కప్పి, నాలుగు మూలలూ ముడివేస్తోంది. ఎందుకక్కా అంత కష్టం, ట్రాక్టరు మీద పెద్ద పట్టా కప్పుతారు కదా, తడవవు అన్నాను. అవ్ అంది. నేను ఏమన్నా అవ్ అనేది ఆమె.

తర్వాత ఉప్పు బస్తాలు, పప్పు, నూనె. ఫోను తాకించింది. ఈసారి ఎర్రగా వెలిగింది. మధ్యలో ఎక్కడో ఒక క్షణం సిగ్నల్ తగిలి, మొదటి లెక్క పైకి పోయినట్టుంది. చెల్లింపు నిలిపివేయబడింది, మీ బ్యాంకును సంప్రదించండి అని వచ్చింది. వ్యాపారి చదివి వినిపించాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆ బ్యాంకు నేనే కదా.

రెండు నిమిషాలన్నాను. బ్రాంచి వెనక పై మెట్టెక్కి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, మేము ఆపలేదు మేడమ్, యంత్రం ఆపింది అంది. యంత్రం ఎవరిది అంటే వేరే నంబరిచ్చింది. వేరే నంబరు వాళ్ళు ఇది భద్రతకు సంబంధించిన విషయం, మా పరిధి కాదన్నారు. ఎవరి పరిధి అంటే మీ బ్రాంచిని అడగమన్నారు. మెట్టు దిగేసరికి బ్రాంచి ముందు ఎస్సై గారు మోటారు సైకిలు ఆపుతున్నారు.

కొత్తగా వచ్చిన ఎస్సై. చిన్నవాడు, నెమ్మదస్తుడు. లోపలికి వచ్చి, కూర్చోవచ్చా అని అడిగి మరీ కూర్చున్నాడు. తన ఫోనులో వచ్చిన సందేశం నాకు చూపించాడు. ఒకే వ్యక్తి ఫోనులోకి అడవి పల్లె నుంచి చాలామంది డబ్బు ఇచ్చారు, ఆ వ్యక్తి పట్టాలు, టార్చి సెల్లులు, జ్వరానికీ గాయాలకూ మందులు పెద్ద మొత్తంలో కొన్నది, విచారించండి అని దాని సారాంశం.

"మీకు తెల్వనిది ఏముంది మేడమ్. ఈ ఏరియాల ఇంటింటికి వసూలు చేసి గిసోంటి సామాను కొంటే ఎవరికోసమనుకుంటరు?"

తెలుసు. ఆ అడవి అంచున ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలుసు. అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళకు ఊళ్ళ మీద చందాలు వేసి పట్టాలు, మందులు చేరవేశారని ఎంతమంది మీద కేసులున్నాయో, అందులో ఎన్ని నిజమో ఎన్ని కాదో ఎవరూ చెప్పలేరు. నన్ను భయపెట్టింది మాత్రం అది కాదు. ఆ సందేశంలో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. లెక్క తప్పయితే దిద్దవచ్చు, ముప్పై ఏళ్ళుగా నేను చేసిన పనే అది. ఇక్కడ లెక్కంతా సరిగ్గా ఉంది. మనిషే తప్పుగా కనిపిస్తోంది. దీన్ని ఎక్కడ దిద్దాలో నాకు తోచలేదు.

మునుపు నోట్లతో కొన్నప్పుడూ ఇదే మనిషి, ఇవే పట్టాలు, ఇవే మందులు. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపేవాళ్ళు. ముఖం చూసి, వాన సామానా అనేవాళ్ళు. ఆమె అవ్ అనేది. పంపించేసేవాళ్ళు. ఈ సంగతి చెప్తే ఎస్సై శ్రద్ధగానే విన్నాడు. ఇంతకీ మీకీ కబురు పంపింది ఎవరండీ అని అడిగాను. మీ బ్యాంకే పంపిందనుకున్నా మేడమ్ అన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఆమెను లోపలికి పిలిచాం. సగం సామాను గుడారంలోనే ఉండిపోయింది, మిగతా డబ్బు ఫోనులో ఇరుక్కుంది. ఎగువన అప్పటికే మబ్బు నల్లగా పట్టింది. ట్రాక్టరువాడు గంట నుంచీ హారన్ కొడుతున్నాడు, వాగు పొంగితే ఉప్పు లేకుండా వానాకాలం గడవాలి. ఆమె పొగాకు ఉమ్మేసి వచ్చి, నిలబడే మాట్లాడింది.

"నా పైసలైతే పోతె పోనీ అందును బ్యాంకమ్మా. ఊరి పైసలు. ఉత్త చేతులతోని పోయి ఏమని చెప్పాలె? ఫోను తిన్నదని చెప్పాలెనా?"

ఫోను నేనిచ్చిందే.

ఎస్సై తేలికైన దారి చూపించాడు. ఒక్కో ఇంటివాళ్ళు ఏమేం కొనమని డబ్బులిచ్చారో ఈమె చెప్తే చాలు, రాసుకుని పైకి పంపిస్తే వెంటనే విడుదలవుతుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. చెప్పక్కా, పది నిమిషాల పని అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఉప్పూ పప్పూ చెప్పడానికి ఇంత మౌనమెందుకో నాకు తలకెక్కలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నీ కోసం ఇంతమందిమి తిప్పలు పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం అని గట్టిగానే అరిచాను. అప్పుడు తిరిగింది.

"వాళ్ళు నాకు చెప్పిండ్రు. మీకు చెప్పుమనలే."

అంతే. ఎస్సై కలం మూత పెట్టాడు. అప్పటిదాకా నా మాట మీద నమ్మకం ఉన్న మనిషి, ఆ క్షణం నుంచి ఆమెను వేరేగా చూడడం నా కళ్ళ ముందే జరిగింది. దాచడానికేమీ లేకపోతే చెప్పడానికేం అని అతని ముఖంలో ఉంది. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. వ్యాపారిని పిలిపించాడు. మొత్తం ఏమేం అమ్మాడో ఆయన గడగడా చెప్పాడు. ఏ ఇంటికి ఏది అంటే మాత్రం, అది నేనెన్నడు అడగలేదు సార్, మా నాయన గూడ అడగలేదు అన్నాడు. ఇదేం లోకమో నాకు అర్థం కాలేదు. అమ్మేవాడికి అక్కర్లేదు, కొనేది చెప్పదు, తెలుసుకోవాలని తపన పడుతున్నది మేమిద్దరం ఉద్యోగస్తులమే.

చీకటి పడేలోపు ఏదో ఒకటి తేల్చాలి, లేదంటే రేపు ఆమెను స్టేషనుకు తీసుకురావాల్సి ఉంటుందని ఎస్సై చెప్పాడు. కఠినంగా చెప్పలేదు, ఇబ్బంది పడుతూ చెప్పాడు. చెప్పి బయట టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఆ పిల్లవాడు చేసిన తప్పేమిటో చెప్పమంటే నేను ఇప్పటికీ చెప్పలేను. అడవిలో నిజంగానే ఏదైనా జరిగి, ఈ కబురు అతను పట్టించుకోలేదని తేలితే అతని ఉద్యోగం ఏమయ్యేది?

క్యాషియరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నిలిపివేసిన చెల్లింపు మీద నొక్కితే ఒక ప్రశ్న కనిపిస్తోంది. డబ్బు ఇచ్చినవారితో ఈ ఖాతాదారుకు గల సంబంధం ఏమిటి? కింద నాలుగే జవాబులు. కుటుంబం, వ్యాపారం, విరాళం, ఇతరం. ఇతరం నొక్కితే ప్రతి ఇంటికీ వివరాలు రాయమంది. వ్యాపారమంటే లైసెన్సు నంబరడిగింది. విరాళం జోలికి పోవద్దని నేనే అతని చేయి పట్టుకున్నాను, ఎస్సై అనుమానమే అది కదా. మిగిలింది కుటుంబం. నొక్కి చూస్తే ఏమీ అడగడం లేదు. సరేనా, కాదా, అంతే.

వాళ్ళంతా నీకు ఏమవుతారక్కా అని అడిగాను. మావోళ్ళే అంది. అన్నదమ్ములా? కొందరు అన్నదమ్ములే. మిగతావాళ్ళు? వాళ్ళూ మావోళ్ళే, గూడెం గూడెమంతా ఒక్కటే గద అంది. క్యాషియరు నా వైపు చూశాడు. మేడమ్, మనమైతే అబద్ధం రాస్తలేం అన్నాడు. నిజమూ రాయడం లేదని నాకు తెలుసు. గూడెం ఒక కుటుంబం కాదు. అలాగని నాలుగు గడుల్లో మరే గడిలోనూ వాళ్ళు పట్టరు. సరే నొక్కాను.

రెప్పపాటులో పచ్చగా మారింది. అదే సమయానికి బయట ఎస్సై నడుముకున్న వైర్‌లెస్ సెట్టు మోగింది. టీ గ్లాసు చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు. ఏ సమస్యా లేదని తనకు కబురొచ్చిందట. ఏం చేశారు మేడమ్ అని అడిగాడు. నిజం చెప్పాం అన్నాను.

"ఎవరికి?"

నాకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. ఇద్దరం కాసేపు ఊరికే నవ్వుకున్నాం. భయం తీరాక వచ్చే నవ్వు అది. ఆమె నవ్వలేదు, అప్పటికే సంతకు పరుగెత్తింది. బస్తాలన్నీ ఎక్కించుకుని పొద్దు గుంకకముందే ట్రాక్టరు కదిలింది. వాగు దాటారన్న కబురు, గూడేలు తిరిగే నర్సమ్మ ద్వారా నాకు తర్వాత తెలిసింది. వాళ్ళు దాటిన మర్నాడే పొంగిందట.

ఇక్కడితో ఆగితే నేనొక గొప్ప మేనేజరునని మీరనుకునేవాళ్ళు.

వానలు తగ్గుముఖం పట్టాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒకే కుటుంబంలో ఇన్ని కార్డులు ఉండడం నిబంధనలకు విరుద్ధం, ఒకటి ఉంచి మిగతావన్నీ రద్దు చేశాం, వాటిలో మిగిలిన సొమ్మును ఆ ఒక్కదానిలో కలపండి అని. కాఫీ గ్లాసు పక్కన పెట్టి రెండుసార్లు చదివాను. వాళ్ళు ఒక కుటుంబం కాదని జవాబు రాశాను. అయితే లోగడ మీరు ధ్రువీకరించింది అబద్ధమా అని వచ్చింది. అబద్ధం కాదని రాశాను. అయితే ఒక కుటుంబమే కదా అని వచ్చింది. క్యాషియరు ఆ కాగితాలు చదివి, ఉద్యోగంలో మొదటిసారి ఏమీ అడగకుండా వెనక్కి ఇచ్చేశాడు. ఎవరితో తగాదా పడుతున్నానో తెలిస్తే పోరాడేదాన్ని. అవతల సంతకం ఉండేది, మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. చివరికి మా పై ఆఫీసులో ఒక పెద్దమనిషి దయతలిచి, మిగిలిన సొమ్మును నోట్ల రూపంలో ఎవరిది వాళ్ళకు ఇచ్చేయడానికి అనుమతి తెప్పించాడు. ఒక షరతు పెట్టారు. గ్రామంలో అందరి ముందూ పేరు, మొత్తం చదివి పంచాలి. పారదర్శకత కోసం.

క్యాషియరూ నేనూ గూడేనికి వెళ్ళాం. వాగు మోకాటి లోతుకు తీసింది. నేను చీర పైకి కట్టుకుని దాటుతుంటే ఆమె ఒడ్డున నిలబడి, అడుగు ఎక్కడ వేయాలో చెప్తూ నవ్వింది. ఆమె ఇంటి ముందు పందిరి కింద ఊరంతా చేరింది. జొన్న అంబలి ఇచ్చారు. తాగి, కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం తీశాను. మొదటి పేరు చదివి, ఎంత మొత్తమో చదవబోయాను. ఆమె వచ్చి కాగితం మీద అరచేయి పెట్టింది. చేటంత చేయి, అక్షరాలన్నీ దాని కిందికి పోయాయి.

"గిట్ల గాదు బ్యాంకమ్మా. ఎవలిది వాళ్ళ గడపల."

పైవాళ్ళ షరతు చెప్పాను. ఊళ్ళోవాళ్ళంతా నేల చూస్తూ కూర్చున్నారు. అంతమంది తలలు ఒక్కసారి వంగడం చూశాక మొత్తాల జోలికి పోలేదు. పేర్లు మాత్రం చదివాను. అందరి ముందూ చదివానన్నది కాగితం మీద నిజమే. ఆ తర్వాత కాగితాన్ని, నోట్ల సంచిని క్యాషియరుకు ఇచ్చాను. ఆమె ఇంట్లో కూర్చుని, పాత చీరలు చింపి, ఇద్దరూ మూటలు కట్టారు. నేను గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్నాను. కొన్ని కార్డుల్లో ఏమీ మిగల్లేదని నాకు తెలుసు. వాటికి కూడా గుడ్డ చింపుతోంది. లోపల ఎండిన తునికాకు మడతపెట్టి, నోట్ల మూటంత లావు చేసి, ముడివేస్తోంది.

ఉత్త మూట ఎందుకక్కా అని అడిగాను. లేనోళ్ళకు ఇయ్యకుంటే లేనిది ఎవరికో ఊరికి తెల్వదా అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. అప్పుడు నాకు సంతలో గుడ్డ కప్పిన మూటలు గుర్తొచ్చాయి. వానకని నేననుకున్నవి. ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది అడిగేశాను. ఆ రోజు స్టేషనుకైనా పోతానన్నట్టు నిలబడ్డావు కదా, ఆ మూటల్లో అంత దాచాల్సింది ఏముందక్కా?

ఆమె ముడి బిగించి, గుడ్డ అంచు పళ్ళతో చింపింది.

"ఏముంటదమ్మా. అన్నిట్ల గా పట్టాలు, మాత్రలు, ఉప్పు, పప్పే." ఇంకో గుడ్డ తీసుకుంది. "ఒక్క ఇంటిదే వేరె. అదొక్కటే కప్పితె అదే అని తెలుస్తది గద. అందుకే అన్ని కప్పుత."

ఏ ఇల్లు అని నా నోటి దాకా వచ్చింది. ఒట్టేసి చెప్తున్నాను, పెదవి విప్పాను కూడా. ఒక్క ఇంట్లో ఏదో ఉందంటే, అది మందో, మాకో, పసిబిడ్డ బట్టో, నిజంగానే అడవిలోకి పోయే సామానో! ఎస్సై అడిగింది తప్పు కాదేమో అనిపించింది. ఆమె చెప్పనిదీ తప్పు కాదనిపించింది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయో నాకు తెలియదు. క్యాషియరు మాత్రం నా ముఖం చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జీవితమంతా ప్రశ్నలు అడిగిన మనిషి.

మూటలన్నీ చేటలో పెట్టుకుని ముగ్గురం బయలుదేరాం. ఇంటింటికీ ఆమె గడప దాకా నడిచి, ఒక మూట పెట్టి, లోపలివాళ్ళు వచ్చేలోపే మళ్ళేది. చివరి వరుసకు వచ్చేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. చేటలోంచి ఒక మూట తీసి నా చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న ఇల్లు చూపించింది.

నేను చేతిలో పట్టుకుని కాస్త నొక్కి చూశాను. లోపల నోట్లున్నాయో ఆకు ఉందో తెలియలేదు. తీసుకెళ్ళి ఆ గడపలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.